నెల రుసుము వెనుక ఉన్న ఖర్చులు: నల్లగొండ శివారులోని ఒక వృద్ధాశ్రమం

పక్షవాతం వచ్చాక ఒంటరిగా ఉండలేకపోయిన మా పెద్దమ్మను నల్లగొండ శివారులోని ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్పించాము. అక్కడి శుభ్రత, వేళకు పెట్టే మెత్తని జొన్న గటక, అన్నింటికీ మించి ఆయమ్మల ఓపిక మనస్ఫూర్తిగా మెచ్చుకోదగినవి. అయితే చేరేనాడు చెప్పిన 14,000 రూపాయల నెల రుసుము గదికీ, భోజనానికీ, బట్టల ఉతుకుకూ మాత్రమేననీ, డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, రాత్రి తోడుండే ఆయా జీతం విడిగా కట్టాలనీ మొదటి బిల్లు 22,000 దాటినప్పుడు గానీ మాకు తెలియలేదు. డిపాజిట్‌లో ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారన్నది రాతపూర్వకంగా తీసుకోవడానికి మూడుసార్లు తిరగవలసి వచ్చింది; నడవలేని మనిషిని అప్పగించిన కుటుంబాన్ని ఇలా తిప్పడం నన్ను చాలా బాధించింది.

చేర్పించదలచినవారు మంచాన పడితే రుసుము ఎంత పెరుగుతుందో, ఆసుపత్రిలో ఉన్న రోజులకూ కట్టాలో లేదో ముందే రాయించుకోవాలి. ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థలుగా నమోదైన ఆశ్రమాలు 60 ఏళ్లు దాటినవారి వద్ద వసతి, భోజనం, పోషణకు నెలకు 25,000 రూపాయల వరకు తీసుకునే రుసుముకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక, బిల్లులో ఆ పన్ను కనిపిస్తే నమోదు పత్రం అడగాలి. ఇలాంటి సందేహాలకు వృద్ధుల సహాయ నంబరు 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.