టయోటా హైరైడర్ హైబ్రిడ్: పెట్రోలు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగలదు

2022లో హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బండిని నడిపే కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే రకం) వచ్చిన కొత్తలోనే తీసుకున్నాం. అప్పటినుంచీ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు ఇదే బండి. "లీటరుకు నిజంగా ఎంతిస్తుంది?" అని అడగనివాళ్లు లేరు. కంపెనీ చెప్పేది 27.97 కిలోమీటర్లు. నాకు సిటీలో 23కి అటూఇటూగా వస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందకు పైగా తోలితే మాత్రం 18 రావడం కష్టం. మామూలు పెట్రోలు బండి లెక్కకు ఇది పూర్తిగా తిరగబడింది.

మామూలు బండిలో బ్రేకు తొక్కిన ప్రతిసారీ, అప్పటిదాకా పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమంతా వేడిగా మారి పోతుంది. ఇందులో బ్రేకు మీద కాలు పెట్టగానే మోటారు జనరేటరులా తిరిగి ఆ వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపిస్తుంది. గ్రీన్ పడగానే బండి ఆ కరెంటుతోనే చప్పుడు లేకుండా కదులుతుంది. కొండాపూర్ ట్రాఫిక్‌లో చాలాసేపు ఇంజిన్ ఆగే ఉంటుంది. అయితే బ్రేకు పట్టే తీరు ముఖ్యం. సిగ్నల్ దూరంగా కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి మెత్తగా బ్రేకు పడితే, డాష్‌బోర్డులో కరెంటు రాకపోకలు చూపే మీటరు చార్జ్ భాగంలోనే నిలబడుతుంది. దగ్గరికెళ్లి గట్టిగా తొక్కితే ఆ భాగం చివరిదాకా వెళ్లిపోతుంది. ఆ తర్వాత పని మామూలు బ్రేకులదే, ఆ శక్తి మనకు తిరిగి రాదు.

బ్యాటరీ చాలా చిన్నది, 0.76 కిలోవాట్ అవర్. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోమలపెంట దాటి డ్యామ్ వైపు ఘాట్ దిగుతుంటే ఇది బాగా తెలుస్తుంది. బి మోడ్‌లో (దిగుడులో బండి వేగాన్ని పట్టి ఉంచే గేరు స్థానం) పెట్టి దిగితే కొద్దిసేపటికే బ్యాటరీ నిండిపోతుంది. అప్పుడు ఇంజిన్ పెట్రోలు కాల్చకుండానే గిర్రున తిరిగి బండిని పట్టి ఉంచుతుంది. ఆ చప్పుడుకు టెన్షన్ పడనక్కర్లేదు, ఘాట్‌లో బ్రేకులు వేడెక్కకుండా కాపాడేది అదే. మే నెల ఎండలో కూడా చిన్న బ్యాటరీ సంగతి తెలిసొస్తుంది. ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి పెద్ద సిగ్నళ్ల దగ్గర బ్యాటరీ తగ్గిపోయి, దాన్ని నింపడానికి ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఎండాకాలంలో నాకు మైలేజీ రెండు మూడు పాయింట్లు పడిపోతుంది.

ఇంజిన్ కూడా వేరే రకం, అట్కిన్‌సన్ సైకిల్. గాలి లోపలికి తీసుకునే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, దాంతో కాలిన ప్రతి చుక్క నుంచీ ఎక్కువ పని రాబడుతుంది. బదులుగా లాగుడు తగ్గుతుంది, ఆ లోటును మోటారు తీరుస్తుంది. హైవే మీద ఒకే వేగంతో వెళ్లేటప్పుడు బ్రేకు తొక్కే పనే ఉండదు కాబట్టి తిరిగి పట్టుకునే శక్తీ ఉండదు, గాలిని చీల్చుకుపోయే భారమంతా ఇంజిన్ మీదే పడుతుంది. అందుకే అక్కడ ఆదా తక్కువ.

బ్యాటరీ వెనక ఉండటంతో డిక్కీ చిన్నది. ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు తెచ్చుకునేవాళ్లు చూసి కొనాలి. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి ఆ భయం నాకు లేదు. వెనక సీటు దగ్గర దానికి గాలి అందించే జాలీ ఉంటుంది, దాని మీద బ్యాగులు పెట్టకండి.

డబ్బు లెక్కకొస్తే, ఇదే ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ పెట్రోలు బండి 12 ఇస్తుందనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుంటే కిలోమీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు మిగులుతుంది. హైబ్రిడ్‌కు రెండున్నర లక్షలు ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి సుమారు 60 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి కిలోమీటర్ల చొప్పున ఐదేళ్లు. మా బావ వారం వారం విజయవాడ హైవే మీదే తిరుగుతాడు, "నీకిది వద్దు బావా" అనే చెప్పాను. రోజూ ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట వెళ్లొచ్చే మా చెల్లికి మాత్రం ఆలోచించకుండా తీసుకోమన్నాను.