పదిహేడో నంబరా, తొమ్మిదో నంబరా: పై ఆటకి ఎవరు వెళ్తారు?

మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున ఏడింటికి, టొరంటో శివార్లలో ఒక ఐస్ రింకులో అద్దానికి ఇవతల నిలబడి ఉన్నాను. చేతిలో కాఫీ, అయినా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పక్కన ఉన్న విజయవాడ మిత్రుడు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఉన్నట్టుండి అడిగాడు. "అన్నయ్యా, ఇన్నేళ్ళుగా ఈ ఆట చూస్తున్నారు కదా, మొహమాటం లేకుండా చెప్పండి. మావాడు పైకి వెళ్తాడంటారా?"

వాళ్ళవాడు పదిహేడో నంబరు. అండర్-16లో పై స్థాయి అయిన ట్రిపుల్ ఏ ఐస్ హాకీ జట్టులో ఫార్వర్డ్. ఈ సీజన్‌లో జట్టు మొత్తంలో ఎక్కువ పాయింట్లు, అంటే గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి, వాడివే. జనవరిలో పుట్టాడు, అప్పుడే ఆరడుగులు దాటాడు, మీసం కూడా వచ్చేసింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పొద్దుటి నుంచీ నా కళ్ళు వాడి మీద లేవు మరి. అదే జట్టులో తొమ్మిదో నంబరు మీద ఉన్నాయి.

తొమ్మిదో నంబరు నవంబరు పిల్లాడు. ఐదడుగుల ఆరంగుళాలు ఉంటే ఎక్కువ. హెల్మెట్ తీస్తే ఏడో తరగతి అనుకుంటారు. పాయింట్లు పదిహేడో నంబరు వాడికంటే మూడో వంతు తక్కువ. ఆ రోజు రింకులో ఉన్న తల్లిదండ్రులందరినీ అడిగితే ప్రొఫెషనల్ దాకా వెళ్ళేది పదిహేడే అనేవాళ్ళు. నేను మాత్రం తొమ్మిది అంటాను.

పై ఆట అంటే ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఒక్కటే కాదు. దాని కింద ఏహెచ్‌ఎల్, ఇంకా కింద ఈసీహెచ్‌ఎల్, అటు స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్, జర్మనీ లీగ్‌లు ఉన్నాయి. జీతం తీసుకుని ఆడే చోట్లకి కొదవలేదు. అయినా ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడం, చూడండి. 32 జట్లు, 7 రౌండ్లు, ప్రపంచం మొత్తానికీ ఏడాదికి 224 పేర్లు. ఆ 224 లోనూ చాలామంది పేర్లు తర్వాత మళ్ళీ వినపడవు. అంచేత ఈ ఇద్దరిలో ఎవరికీ ఛాన్స్ పెద్దగా లేదు. ఉన్న కాస్తలో ఎవరిది ఎక్కువ అన్నదే ఇక్కడ లెక్క.

మొదట పాయింట్లు. పదిహేడో నంబరు వాడి పాయింట్లలో దాదాపు సగం పవర్ ప్లేలో వచ్చినవి, అంటే అవతలి జట్టులో ఒకడు పెనాల్టీ బాక్సులో కూర్చున్నప్పుడు. పైగా వాడి లైన్‌లో, అంటే కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లలో, మధ్యలో ఆడే సెంటర్ ఆ లీగ్‌లోనే మంచి పాసర్. తొమ్మిదిని మూడో లైన్‌లో ఆడిస్తున్నారు. పవర్ ప్లేకి పిలవరు. మనవాడొకడు పెనాల్టీలో ఉన్నప్పుడు గోల్ పడకుండా ఆపే పెనాల్టీ కిల్‌కి మాత్రం మొదట దింపేది వాడినే. ఇద్దరూ ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు చేసిన గోల్స్, గోల్‌కి ముందు ఇచ్చిన ఆఖరి పాస్‌లు, ఇవి మాత్రమే లెక్కేస్తే తేడా రెండు మూడుకి దిగిపోయింది. కాఫీ కప్పు మీద పెన్నుతో రాసుకుని మరీ చూశాను.

పక్కన ఎవరున్నారు అన్న ప్రశ్న కుర్రాళ్ళని వెతికి పట్టే పెద్ద స్కౌట్లకీ తప్పదు. అలెక్స్ డిబ్రింకాట్ కథ తీసుకోండి. 2014-15 లో ఈరీ ఆటర్స్ అనే జూనియర్ జట్టుకి 51 గోల్స్ కొట్టాడు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. అదే జట్టులో అప్పటికే పెద్ద స్టార్ అయిన కానర్ మెక్‌డేవిడ్ ఉన్నాడు, ఇంకేం, గోల్స్ అన్నీ మెక్‌డేవిడ్ పుణ్యమే అన్నారు. మరుసటి ఏడు మెక్‌డేవిడ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్ళిపోయాడు. డిబ్రింకాట్ మళ్ళీ సరిగ్గా 51 కొట్టాడు. అప్పుడూ జట్టులో డిలన్ స్ట్రోమ్ అనే ఇంకో మంచి ఆటగాడు ఉన్నాడులెండి, మరీ ఒంటరేం కాదు. అయినా 2016 డ్రాఫ్ట్‌లో 38 మంది పేర్లు పిలిచాకగానీ చికాగో వాడిని తీసుకోలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి ఏడాదే 28 గోల్స్, రెండో ఏడు 41. నాకు దీంట్లో పనికొచ్చేది ఒకటే. పక్కవాడు మారినా పాయింట్లు నిలిచాయా? పదిహేడుకి ఆ పరీక్ష ఇంకా జరగలేదు. తొమ్మిదో నంబరు వాడు రోజూ అదే పరీక్షలో ఉన్నాడు, వాడి పక్కన ఆడే ఇద్దరికీ పాస్ ఇస్తే ఆపుకోవడమే కష్టం.

ఇక కళ్ళతో చూసింది చెప్తాను. ఆ పొద్దున మూడో పీరియడ్‌లో పదిహేడు కొట్టిన గోల్ ఇది. కుడివైపు బోర్డ్స్ (రింకు అంచు గోడ) పక్కన పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) అందుకున్నాడు, తల దించాడు, నేరుగా దూసుకెళ్ళాడు. అడ్డొచ్చిన డిఫెన్స్‌మన్ భుజం తగిలి కూలబడ్డాడు. షాట్ బలంగా, తిన్నగా వెళ్ళింది. గోలీ చిన్నపిల్లాడు, చెయ్యి లేపేలోగా నెట్ కదిలింది. అందరూ కేకలు. వాళ్ళ నాన్న నా భుజం పట్టుకుని ఊపేశాడు.

రెండు నిమిషాల తర్వాత తొమ్మిదో నంబరు వాడు మంచు మీదికి దిగాడు. పక్ ఎడమ మూలకి పోయింది, వీడు వెనకాలే వెళ్ళాడు. పక్ దగ్గరికి చేరేలోగా ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. మీద పడబోతున్న డిఫెన్స్‌మన్‌ది వీడికి రెట్టింపు బరువు. వీడు పక్‌ని కర్రతో ముట్టుకోలేదు. స్కేట్ మాత్రం అడ్డం పెట్టి, అది తనంతట తనే నెట్ వెనక్కి జారేలా వదిలేశాడు. డిఫెన్స్‌మన్ వెళ్ళి బోర్డ్‌కి గుద్దుకున్నాడు. నెట్ వెనక అప్పటికి ఎవరూ లేరు. అర సెకను తర్వాత మనవాడొకడు అక్కడికి చేరాడు, పక్ వాడి కర్ర దగ్గరే ఉంది. వాడు నెట్ ముందుకి తిరిగొచ్చి షాట్ పైకి కొట్టేశాడు, గోల్ కాలేదు. స్కోరుషీట్‌లో ఏమీ పడలేదు. ఎవరూ కేక వెయ్యలేదు.

పదిహేడు కొట్టిన గోల్ ఈ వయసు వరకే గోల్. పంతొమ్మిదేళ్ళకి డిఫెన్స్‌మన్ కూడా ఆరడుగుల రెండంగుళాలు ఉంటాడు, కూలబడడు. ఆ దూరం నుంచి వచ్చే షాట్‌ని ఆ స్థాయి గోలీ ఆవలిస్తూ పట్టుకుంటాడు. తొమ్మిది చేసిన పనికి ఎదుటివాడి సైజుతో సంబంధమే లేదు.

పుట్టినరోజు సంగతి ఇంకా ఉంది. ఇక్కడ వయసు గ్రూపులకి కట్ జనవరి ఒకటి. జనవరి పిల్లాడికీ నవంబరు పిల్లాడికీ పది నెలల తేడా ఉన్నా ఒకే గ్రూపులో ఆడతారు. పదిహేనేళ్ళప్పుడు పది నెలలంటే ఒక మీసం, ఆరంగుళాలు. ఎదిగినవాడినే పెద్ద జట్టులోకి తీసుకుంటారు, వాడికే ఎక్కువ ఐస్ టైమ్. 1980 నుంచి 2007 దాకా డ్రాఫ్ట్ అయిన కెనడా ఆటగాళ్ళ మీద 2013లో ఒక పరిశోధన వచ్చింది. ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్ళని వాళ్ళ తర్వాతి ఆటకి తగినదానికన్నా ఆలస్యంగా ఎంచుకున్నారని తేలింది. అంటే జట్లు డబ్బులిచ్చి పెట్టుకున్న స్కౌట్లు కూడా మీసం చూసి మోసపోయారు.

డ్రాఫ్ట్ కట్ మాత్రం వేరే తేదీ, సెప్టెంబరు 15. ఆ రోజుకి పద్దెనిమిది నిండాలి. ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబరు 17న. రెండంటే రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది. ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్ళి జూరిక్‌లో పెద్దవాళ్ళతో ఆడాడు, 2016లో మొదటి పిక్‌గా, అంటే అందరికన్నా ముందు ఎంపికై, వచ్చాడు. మన లెక్కలో జనవరిలో పుట్టిన పదిహేడో నంబరు వాడు ఒక ఏడాది ముందు డ్రాఫ్ట్‌కి వస్తాడు, నవంబరులో పుట్టిన తొమ్మిదో నంబరు వాడు మరుసటి ఏడు. పొట్టివాడికి ఎదగడానికి పన్నెండు నెలలు ఊరికే కలిసొచ్చాయి. ఈ సంగతి చెప్తే మిత్రుడు నమ్మలేదు, ఫోన్ తీసి అక్కడికక్కడే చూసుకున్నాడు.

మరి తొమ్మిదికి లోపం లేదా? ఉంది, పెద్దదే. స్కేటింగ్. మోకాళ్ళు వంచడు, నిటారుగా నిలబడి చిన్న చిన్న అడుగులు వేస్తాడు. తిన్నగా పరుగు పెడితే పదిహేడు వాడిని రెండు గజాలు దాటేస్తాడు. ఈ ఒక్క లోపం చూసి వాడిని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను పారెయ్యను. కాళ్ళు బాగుచెయ్యచ్చు. బ్రేడెన్ పాయింట్‌ని 2014లో మూడో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు, 79వ పిక్. ఒకప్పటి ఫిగర్ స్కేటింగ్ ప్రపంచ చాంపియన్ బార్బ్ అండర్‌హిల్ దగ్గర అడుగు దిద్దుకున్నాడు. ఇప్పుడు వాడి స్కేటింగే వాడి బలం అంటారు. జేసన్ రాబర్ట్‌సన్ కాళ్ళు నెమ్మది అని 2017లో 39 దాకా వదిలేశారు. 2022-23 లో డల్లాస్ తరఫున 46 గోల్స్, 109 పాయింట్లు. వాడి కాళ్ళు ఇప్పటికీ మెరుపులేం కాదు, చూపు ముందు వెళ్తుంది.

అటువైపు నెయిల్ యాకుపోవ్. 2012లో మొదటి పిక్. వేగానికి, షాట్‌కి లోటు లేదు. మొదటి సీజన్ 48 మ్యాచ్‌ల్లో 17 గోల్స్ కొట్టాడు కూడా. ఆ తర్వాత జారిపోయాడు. ఎన్‌హెచ్‌ఎల్ మొత్తం 350 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయింది, గోల్స్ 62. నాకు కనిపించినంతవరకు పక్ తన దగ్గర లేనప్పుడు ఎక్కడ ఉండాలో తెలియకపోవడమే వాడి బాధ. దానికి కోచ్‌ని పెట్టి నేర్పించడం, ఇరవై దాటాక, అయ్యే పని కాదు.

న్యాయంగా చెప్పాలంటే పదిహేడు వైపు కూడా బలమైన వాదన ఉంది. సైజుకి మార్కెట్ ఎప్పుడూ ఉంటుంది. డ్రాఫ్ట్ అయ్యే అవకాశం వాడికే ఎక్కువ అని నేనూ ఒప్పుకుంటాను. ఒకసారి విఫలమైనా పొడుగాటివాడికి రెండో అవకాశం ఇస్తారు, పొట్టివాడికి ఇవ్వరు. పై స్థాయిలో గోల్స్ రాకపోయినా నాలుగో లైన్‌లో తోసుకుంటూ, షాట్లకి అడ్డం పడుతూ ఏహెచ్‌ఎల్‌లో పదేళ్ళు బతకొచ్చు. అది చిన్న విషయం కాదు, నెలనెలా జీతం. కానీ దానికి వాడు ఇప్పుడే పవర్ ప్లే మోజు వదిలి పెనాల్టీ కిల్ నేర్చుకోవాలి. ఈ వయసు స్టార్‌కి ఆ మాట చెప్పేదెవరు?

దారి విషయంలో మాత్రం ఇద్దరికీ ఒకే సలహా కుదరదు. 2025 ఆగస్టు ఒకటి దాకా ఒక పెద్ద గోడ ఉండేది. కెనడా మేజర్ జూనియర్‌లో, అంటే ఓహెచ్‌ఎల్ లాంటి లీగ్‌లలో ఆడితే, అమెరికా కాలేజీ హాకీ తలుపు మూసుకున్నట్టే. ఇప్పుడు ఆ గోడ లేదు. మెడిసిన్ హ్యాట్ అనే మేజర్ జూనియర్ జట్టులో 2024-25 లో 56 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు చేసిన గేవిన్ మెకెన్నా అక్కడి నుంచి నేరుగా అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఓహెచ్‌ఎల్‌లో సీజన్‌కి 68 మ్యాచ్‌లు, బస్సుల్లో రాత్రుళ్ళు. కాలేజీలో అందులో సగం, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో, మిగతా రోజులు జిమ్. పదిహేడుకి ఓహెచ్‌ఎల్ మేలు, అక్కడ రోజూ తన సైజువాళ్ళు తగులుతారు, భ్రమలు త్వరగా పోతాయి. తొమ్మిదో నంబరు వాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చాక కాలేజీ మేలు, ఒళ్ళు గట్టిపడడానికి టైమ్ ఉంటుంది. చదువు గురించి వాళ్ళమ్మ అడగకముందే చెప్తాను, ఓహెచ్‌ఎల్‌లో ఆడినా ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది కాలేజీ ఫీజు ఇస్తారు.

ఆలస్యంగా పండినవాడు మన దేశం మూలాలున్న వాళ్ళలోనే ఉన్నాడు. వాంకూవర్ పక్కనున్న సర్రే పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22 లో, జూనియర్ ఆఖరి ఏడాదిలో, రెడ్ డీర్ తరఫున 112 పాయింట్లతో, పశ్చిమ కెనడా మేజర్ జూనియర్ లీగ్ అయిన డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికీ మొదట నిలిచాడు. వాంకూవర్ సంతకం చేయించుకుంది, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద అడుగుపెట్టాడు. పదిహేనేళ్ళప్పుడు వాడి పేరు ఎంతమందికి తెలుసు?

ఇదంతా ఆ పొద్దున మిత్రుడికి ఒక్కసారిగా చెప్పలేదు. కాఫీ అయిపోయేదాకా నసిగాను. చివరికి అన్నాను. "మీవాడు డ్రాఫ్ట్ అవుతాడేమో. కానీ ఇరవై మూడేళ్ళకి జీతానికి ఆడేది ఎవరు అంటే, నేను ఆ తొమ్మిదో నంబరు మీద పెడతాను."

కాసేపు ఏమీ అనలేదు. "అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"వచ్చే సీజన్ పెద్ద జట్టు పిలిచినా వెళ్ళకండి. కోచ్‌ని అడిగి వాడిని సెంటర్‌లో వేయించండి, పెనాల్టీ కిల్‌లో దింపించండి. ఆ మంచి పాసర్ పక్కన వద్దు, తొమ్మిది పక్కన ఆడించమనండి."

"పాయింట్లు తగ్గుతాయి కదన్నయ్యా."

"తగ్గుతాయి," అన్నాను.