వినికిడి తగ్గిన షూటర్లకి ఏ మఫ్, ఏ ప్లగ్: చెన్నై ఉక్కలో నిలబడేవి

వినికిడి కొంత తగ్గిన షూటర్ పాయింట్ 22 (చిన్న తూటా తుపాకీ) కాల్చినా, 12 బోర్ (షాట్‌గన్) కాల్చినా మా ఓటు ఒక జతకే: చెవి రంధ్రంలో ఫోమ్ ప్లగ్, చెవి పైన కప్పుకునే ఎలక్ట్రానిక్ మఫ్, అంటే బయటి మాటని మైకుతో వినిపించే రకం. షాపులో మాత్రం దీనికి ఉల్టాగా చెప్తారు. డబ్బా మీద శబ్దం తగ్గించే నంబరు అన్నిటికన్నా పెద్దగా ఉన్న మామూలు మఫ్ తీసి చేతిలో పెట్టి, "సార్, దీన్ని మించింది లేదు" అంటారు. చెవులు బాగా పనిచేసేవాళ్లకి ఆ మాట చెల్లుతుంది. వినికిడి తగ్గినవాళ్లకి ఎందుకు చెల్లదో చూద్దాం.

ముందు ఒక అపోహ సంగతి తేల్చాలి. "ఎలాగూ సగం వినపడదు, ఇంక రక్షణ ఎందుకు" అనే మాట రేంజ్‌లో పెద్దవయసు షూటర్ల దగ్గర తరచు వినిపిస్తుంది. ఇది ప్రమాదకరమైన మాట. నరాల వైపు వచ్చిన లోపమైతే షాట్ ఒత్తిడి లోపలి చెవికి పూర్తిగా చేరుతుంది, మనకి వినపడినా వినపడకపోయినా. అక్కడ శబ్దాన్ని పట్టుకునే రోమకణాల్లో మిగిలినవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పైగా ఇలాంటి చెవుల్లో చిన్న శబ్దం వినపడకపోయినా పెద్ద శబ్దం అందరికీ తగిలినంత గట్టిగానే తగులుతుంది. భరించగల పరిధి కుదించుకుపోతుందన్నమాట. కోల్పోయేది తక్కువ కాబట్టి ఫరవాలేదని లెక్క వేసుకోకండి, మిగిలిందే తక్కువ కాబట్టి దానికి కాపలా ఇంకా ఎక్కువ కావాలి.

కాపలా దేని నుంచో అంకెల్లో చూద్దాం. క్షణికమైన పేలుడు శబ్దానికి ప్రమాద హద్దుగా 140 డెసిబెల్స్ పీక్‌ని తీసుకుంటారు. పాయింట్ 22 రైఫిల్ ఆ హద్దు దగ్గరే తిరుగుతుంది. గొట్టం పొట్టిది కాబట్టి పిస్టల్ దాన్ని దాటిపోతుంది. 12 బోర్ 150 పైనే. డెసిబెల్స్‌లో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుందని గుర్తుంటే ఈ తేడాలు చిన్నవిగా కనిపించవు. పైన రేకుల కప్పు, పక్కన గోడ ఉన్న రేంజ్‌లో ప్రతి షాట్ తిరిగొచ్చి కొడుతుంది, పక్క లేన్ షాట్లు కూడా మీ ఖాతాలోనే పడతాయి. కుడిచేతి రైఫిల్ షూటర్లకి ఎడమ చెవి ముందు దెబ్బ తినడం మామూలే. ఆ చెవి గొట్టం మూతి వైపు తిరిగి ఉంటుంది, కుడి చెవి తల నీడలో ఉంటుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ ఈ హద్దుకి చాలా కిందే ఉంటాయి. వాటికి మామూలు ప్లగ్ చాలు, ఈ రివ్యూలో సగం మీకు అక్కర్లేదు.

ఇప్పుడు వినికిడి తగ్గినవాళ్ల అసలు చిక్కు. శబ్దం వల్ల వచ్చే లోపం సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. స, శ, ట, ప లాంటి హల్లుల పదును ఉండేది పై పౌనఃపున్యాల్లోనే. రేంజ్ ఆఫీసర్ "స్టార్ట్" అన్నా "స్టాప్" అన్నా మొదటి స్ట ఒకటే, మధ్యలో ఆ ఒకటే. తేడా అంతా చివరి ర్ట్, ప్ దగ్గరే ఉంది. ఆ తేడానే ఈ చెవికి అందదు. దాని మీద 31 డెసిబెల్స్ తగ్గించే మఫ్ బిగిస్తే మిగిలేది ఒక "ఆ". కమాండ్ వినపడని షూటర్ పక్కవాళ్లని చూసి నడుచుకుంటాడు. చేతిలో తుపాకీ ఉన్నప్పుడు ఆ అలవాటు ఎవరికీ మంచిది కాదు.

ఇక నంబర్లు. శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే నంబరు అమెరికా డబ్బాల మీద ఎన్‌ఆర్‌ఆర్, యూరప్ డబ్బాల మీద ఎస్‌ఎన్‌ఆర్ పేరుతో ఉంటుంది. రెండూ వేర్వేరు కొలతలు, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకూడదు. త్రీఎం పెల్టార్ ఎక్స్5ఏ మఫ్‌కి ఎన్‌ఆర్‌ఆర్ 31, ఎస్‌ఎన్‌ఆర్ 37. వస్తువు ఒకటే. షాపులో 37 చూపించి పక్క కంపెనీ 31 కన్నా గొప్పదని చెప్తే నమ్మకండి. ప్లగ్, మఫ్ కలిపి పెట్టుకుంటే రెండు నంబర్లూ కూడకూడదు. పెద్ద నంబరుకి 5 కలపాలి, అంతే. పుర్రె ఎముక గుండా కూడా శబ్దం లోపలికి చేరుతుంది కాబట్టి ఎంత పేర్చినా ఒక హద్దు ఉంటుంది.

ఈ లెక్కతోనే మా ఓటు తేలుతుంది. త్రీఎం 1100 ఫోమ్ ప్లగ్ ఎన్‌ఆర్‌ఆర్ 29. దాని మీద ఎక్స్5ఏ పెడితే 36. ఎక్స్5ఏ బదులు హోవార్డ్ లైట్ ఇంపాక్ట్ స్పోర్ట్ ఎలక్ట్రానిక్ మఫ్ పెడితే, దాని ఎన్‌ఆర్‌ఆర్ 22 మాత్రమే అయినా, మొత్తం 34. కాగితం మీద తేడా 2 డెసిబెల్స్. ఆ రెండూ వదులుకుంటే బయటి మాట లోపలికి వస్తుంది. మంచి బేరమే.

ఇంపాక్ట్ స్పోర్ట్ పనితీరు ఇలా ఉంటుంది: రెండు వైపులా ఉన్న మైకులు చుట్టూ మాటల్ని పెంచి వినిపిస్తాయి, 82 డెసిబెల్స్ దాటితే ఆ పెంపు ఆగిపోతుంది. రెండు ట్రిపుల్ ఏ సెల్స్. నాలుగు గంటలు ముట్టుకోకపోతే తనే ఆగిపోతుంది. సెల్స్ అయిపోయినా మామూలు మఫ్‌గా రక్షణ అలాగే ఉంటుంది, మాట మాత్రం రాదు. కప్పులు సన్నం, అందుకే రైఫిల్ స్టాక్‌కి చెంప ఆనించినప్పుడు తగలడం తక్కువ. ఎక్స్5ఏకి అక్కడే దెబ్బ. 351 గ్రాముల బరువు, లావు కప్పులు. చెంప ఆనించగానే కుడి కప్పు కింది అంచు స్టాక్‌కి తగిలి పైకి లేస్తుంది, ఆ సందులోంచి శబ్దం లోపలికి దూరుతుంది. పిస్టల్ వాళ్లకి ఈ బాధ లేదు. వినికిడి బాగా పోయి, కమాండ్లన్నీ కంటితోనే చూసి నడుచుకునే పిస్టల్ షూటర్‌కైతే ఎక్స్5ఏ నిజంగా మంచి వస్తువు. వాకర్స్ రేజర్ స్లిమ్ ఎన్‌ఆర్‌ఆర్ 23, అది కూడా సన్నమే, అదీ రెండు ట్రిపుల్ ఏ సెల్స్ మీదే నడుస్తుంది. రెండింట్లో తలకి ఏది బాగా కూర్చుంటే అది తీసుకోవచ్చు.

చవక ఎలక్ట్రానిక్ మఫ్‌ల దగ్గర జాగ్రత్త. కొన్నిట్లో షాట్ పేలగానే మైకు మొత్తం ఆగిపోయి, కాసేపాగి తిరిగి వస్తుంది. పక్క లేన్లలో వరసగా కాలుస్తుంటే మైకు తెరుచుకునే సందే దొరకదు, కమాండ్ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. షాపులోనే మఫ్ పెట్టుకుని, పక్కన ఒకరిని మాట్లాడుతూ ఉండమని, మీరు వరసగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల మధ్య మాట తెగిపోతుంటే వద్దు. ఒక చెవి బాగుండి ఇంకోటి తగ్గినవాళ్లు రెండు కప్పులకీ విడివిడిగా వాల్యూమ్ ఉన్న మోడల్ అడగండి.

ఈ జత అందరికీ సరిపడదు, ఎవరికి సరిపడదో కూడా లెక్క కట్టొచ్చు. మఫ్ లోపల మాట గరిష్ఠంగా 82 వరకు వస్తుంది. సరిగ్గా పెట్టిన ఫోమ్ అందులో పాతిక దాకా తినేస్తుంది. కర్ణభేరి దగ్గరికి చేరేది 57 చుట్టుపక్కల. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష కాగితంలో) సగటు లోపం 35 డెసిబెల్స్ లోపు ఉంటే మాట హాయిగా వినపడుతుంది. 35 నుంచి 50 మధ్య ఉన్నవాళ్లకి తడబాటే. ఫోమ్ పై పౌనఃపున్యాల్ని ఇంకా ఎక్కువ తినేస్తుంది కాబట్టి హల్లులు మళ్లీ పోతాయి. వీళ్లలో ఆరుబయట పాయింట్ 22 రైఫిల్ మాత్రమే కాల్చేవాళ్లు ఫోమ్ బదులు, అన్ని పౌనఃపున్యాల్నీ దాదాపు సమానంగా తగ్గించే ఫిల్టర్ ప్లగ్ వాడి చూడొచ్చు. సంగీతకారులు వాడే రకం అది. పిస్టల్‌కి, 12 బోర్‌కి అది చాలదు. 50 దాటితే ఇంక మఫ్ మైకు మీద ఆశ పెట్టుకోవద్దు, కంటికి కనపడే సంకేతం ఏర్పాటు చేసుకోండి. రేంజ్ ఆఫీసర్‌తో ముందే మాట్లాడి దీపమో, జెండానో, చేతి సైగో ఖాయం చేసుకోవాలి. గురి పెట్టి ఉన్నప్పుడు వెనక నుంచి భుజం తట్టి చెప్పే పద్ధతి మాత్రం ఎవరూ ఒప్పుకోకండి. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో ఈ సౌకర్యం ఆటలోనే ఉంది: "అటెన్షన్" అనగానే ఎర్ర దీపం, 7 సెకన్ల తర్వాత పచ్చ దీపం.

ఎంత ఖరీదు పెట్టినా ఫోమ్ పెట్టడం రాకపోతే అంతా వృథా, కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. చేతులు కడుక్కుని ఆరనివ్వండి. ప్లగ్‌ని వేళ్ల మధ్య ముడతలు పడకుండా సన్నటి పుల్లలా నలపాలి. ముడత పడితే ఆ గీత వెంటే శబ్దం లోపలికి పోతుంది. కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగితే లోపలి వంపు తిన్నగా అవుతుంది. వెంటనే ప్లగ్ దూర్చి, వేలితో 30 సెకన్ల పాటు అదిమి పట్టుకోండి. ఏసీ గదిలో ఫోమ్ గట్టిపడి నెమ్మదిగా ఉబ్బుతుంది, ఇంకొంచెం ఆగాలి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే రెండు అరచేతులతో చెవులు మూసి తెరవండి. మూసినప్పుడు శబ్దం బాగా తగ్గినట్టుంటే ప్లగ్ సరిగ్గా లేదు, తీసి మళ్లీ పెట్టండి. మీ గొంతు మీకే డొల్లగా మోగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. అద్దం ముందు నిలబడితే ప్లగ్‌లో సగానికి పైగా బయట కనిపించకూడదు. తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ తీయాలి, ఒక్కసారి లాగితే కర్ణభేరికి నొప్పి. తాడున్న 1110 రకం మఫ్ కిందకి వద్దు, తాడు కుషన్ కింద పడితే అక్కడ సందు వచ్చేస్తుంది.

కళ్లద్దాల కాడలూ ఇదే పని చేస్తాయి. లావు ప్లాస్టిక్ కాడ కుషన్‌ని ఎత్తి పెడుతుంది. సన్న తీగ కాడలున్న ఫ్రేమ్ వాడండి. టోపీ అంచు కూడా కుషన్ కిందకి రాకూడదు.

చెవి మిషన్ పెట్టుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది, మిషన్ తీయాలా ఉంచాలా అని. ఫైరింగ్ పాయింట్ దగ్గర తీసెయ్యాలి. ఆఫ్ చేసి చెవిలో ఉంచితే అదే ప్లగ్ అవుతుందనుకోవడం తప్పు, మిషన్ కొసన గాలి రంధ్రం ఉన్న రబ్బరు డోమ్ గుండా షాట్ నేరుగా పోతుంది. మఫ్ కింద ఆన్‌లో ఉంచితే చాలా మిషన్లు కూత పెడతాయి. కూత లేకపోయినా, మఫ్ పెంచిన శబ్దాన్ని మిషన్ మళ్లీ పెంచుతుంది. మిషన్ తీసి, మాట పెంచే పని మఫ్‌కి అప్పగించడమే సరి. చెన్నైలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మే నెలలో మఫ్ కింద పట్టే చెమట మిషన్ మైకులోకి దిగితే రిపేరు ఖర్చు మఫ్ ధరని దాటొచ్చు. తేమ పీల్చే గుళికలున్న చిన్న డబ్బా కిట్ బ్యాగ్‌లో ఉంచుకుని, మిషన్ తీయగానే అందులో వేయండి. కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు మఫ్ బ్యాండ్ తల మీద అతుక్కునే కాయిల్ మీద పడకుండా చూసుకోవాలి, ముందు తమ ఆడియాలజిస్ట్‌ని అడగాలి.

అదే చెమట కుషన్లనీ తినేస్తుంది. ఆర్నెల్లకోసారి కుషన్, లోపలి స్పాంజ్ మార్చమని కంపెనీలే చెప్తాయి. ఇక్కడి ఉక్కలో అంతకన్నా ముందే గట్టిపడి పగుళ్లు రావచ్చు. వేలితో నొక్కితే వెంటనే ఉబ్బకపోతే మార్చేయండి. కొనేముందే కుషన్ సెట్ విడిగా దొరుకుతుందా అని అడగండి, దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయండి. వాడనప్పుడు సెల్స్ తీసేయాలి. ఫోమ్ ప్లగ్ ఒకసారి వాడి పారేసే వస్తువు. తడిసినదాన్ని మళ్లీ చెవిలో పెడితే ఈ తేమలో బూజు ఇన్ఫెక్షన్‌కి దారి ఇచ్చినట్టే. చెవి కారుతున్నవాళ్లు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ప్లగ్ జోలికి పోకుండా ఈఎన్‌టీ డాక్టర్ని కలవాలి. గులిమి ఎక్కువున్నా అంతే, ప్లగ్ దాన్ని లోపలికి నెట్టి గట్టిపరుస్తుంది.

పోటీలకి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం శబ్దాన్ని తగ్గించే పరికరాలే వాడాలి, శబ్దం అందుకునే రకం మఫ్‌కి ఫైరింగ్ లైన్ మీద అనుమతి లేదు. వినికిడి లోపం ఉంటే పోటీకి ముందే నిర్వాహకులకి రాతపూర్వకంగా తెలిపి, ఏం కుదురుతుందో అడగాలి. ఎలక్ట్రానిక్ మఫ్‌తోనే సాధన చేసి మ్యాచ్ రోజున మొదటిసారి మామూలు మఫ్ పెట్టుకోవద్దు. బధిరుల ఒలింపిక్స్ అయిన డెఫ్‌లింపిక్స్‌లో అయితే బాగున్న చెవిలో సగటున కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి, పోటీలో చెవి మిషన్లు, ఇంప్లాంట్ బయటి భాగాలు తీసేయాలి. మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచింది ఆ పోటీల్లోనే.

ఫోమ్ ప్లగ్‌లు, మామూలు మఫ్‌లు ప్యారీస్‌లో లింగి చెట్టి వీధి, సెంబుదాస్ వీధి చుట్టుపక్కల పారిశ్రామిక సరుకు అమ్మే షాపుల్లో అడగండి. చెవి రక్షణ పరికరాల ప్రమాణాలైన ఐఎస్ 9167 (భారత్) గానీ ఈఎన్ 352 (యూరప్) గానీ ముద్ర ఉందా, పౌనఃపున్యాల వారీ పట్టిక లోపల ఉందా చూసుకోండి. పట్టిక లేని డబ్బా వద్దు. ఎలక్ట్రానిక్ మఫ్ ఎక్కడ కొన్నా వారంటీ ఎవరిదో బిల్లు మీద రాయించుకోండి.

వీటన్నిటికన్నా ముందు ఆడియోగ్రామ్. పోరూర్‌లో శ్రీరామచంద్ర, ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎమ్‌డీ (బహుళ వైకల్యాల వారి జాతీయ సంస్థ) లాంటి చోట్ల ఆడియాలజీ విభాగాలున్నాయి. పరీక్షకి ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దాలకి దూరంగా ఉండాలి, లేకపోతే తాత్కాలికంగా తగ్గిన వినికిడి శాశ్వతంగా తగ్గినట్టు కాగితం మీద పడుతుంది. 4000, 6000 హెర్ట్జ్ దగ్గర కూడా కొలవమని నోరు తెరిచి అడగండి. ఏడాదికోసారి అదే చోట చేయించుకుని పాత కాగితంతో పోల్చండి. కాల్చిన సాయంత్రం చెవిలో హోరు పెడుతుంటే ఆ రోజు రక్షణ ఎక్కడో తప్పిందన్నమాట, ప్లగ్, కుషన్, కళ్లద్దాల కాడ మూడూ చూసుకోండి. హోరుతో పాటు ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే మర్నాటికల్లా ఈఎన్‌టీ దగ్గర ఉండాలి. దానికిచ్చే మందు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది.