నారింజ రంగు గోడలతో ఇన్నేళ్లు: వెలుతురు గురించే నా రివ్యూ

సాయంత్రం దీపాలు వేశాక మా హాల్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు పైకి చూస్తారు. సీలింగ్‌కి కూడా ఏదో రంగు వేయించారా అని అడుగుతారు. వేయించలేదు. అది మామూలు తెలుపే. ఎదురెదురుగా ఉన్న రెండు పొడవాటి గోడలకి మాత్రం నారింజ రంగు ఉంది. బల్బు వెలుతురు ఆ గోడల మీద పడి పైకి వెళ్తుంది, సీలింగ్ అంతా పలచటి బంగారు రంగు పరుచుకుంటుంది. సోఫాలో కూర్చున్న మనుషుల ముఖాల్లోకి కూడా ఆ కళ వస్తుంది. గోడ రంగు కన్నా, ఆ గోడ గదికి ఇచ్చే వెలుతురంటేనే నాకు ప్రాణం. ఈ రివ్యూ రాస్తున్నది కూడా దాని కోసమే. ఎమల్షనా, లప్పం ఎలా పెట్టారు, ఎన్ని లీటర్లు పట్టింది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం చెప్తాను. ముదురు నారింజకి వాడే బేస్‌లో, అంటే రంగు కలపడానికి ముందు ఉండే పెయింట్‌లో, కింది రంగుని కప్పేసే తెల్లటి టైటానియం డయాక్సైడ్ తక్కువగా ఉంటుంది. అందుకే పాత రంగు కింద నుంచి తొంగి చూస్తుంది, అనుకున్న రెండు కోట్లు చాలవు. ప్రైమర్‌లోనే కొంచెం నారింజ కలిపించుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

షేడ్ కార్డులో చూసిన రంగు గోడ మీద అలాగే రాదు. ఎదురెదురు గోడలకి వేసినప్పుడు ఈ తేడా ఇంకా ఎక్కువ. ఈ గోడ నుంచి వెళ్లిన నారింజ వెలుతురు ఆ గోడ మీద పడి, తిరిగి వచ్చేటప్పటికి ఇంకాస్త చిక్కబడుతుంది. మా పెయింటర్ ఈ సంగతి ముందే చెప్పి, మేం వేలు పెట్టి చూపించిన షేడ్ కన్నా ఒక మెట్టు లేతది వేయమన్నాడు. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషమే.

ఇక అసలు కథ. గోడలు చక్కగా ఉన్న రోజుల్లోనే హాల్లో పాత దీపాలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి, ఇప్పుడు అందరూ ఇవే పెట్టించుకుంటున్నారని చెప్పి, తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులు బిగించి వెళ్లాడు. వెలుతురు మునుపటికన్నా ఎక్కువే. కానీ ఆ రాత్రి స్విచ్ వేయగానే గుండె జారిపోయింది. నారింజ లేదు. దాని చోట తడిసిన ఇటుకలాంటి రంగు, అందులోనూ బూడిద కలిసినట్టు. సీలింగ్ వట్టి తెల్లగా ఉంది. అత్తయ్య గోడ దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించి, "చెమ్మ పట్టిందేమో చూడమ్మా" అన్నారు. మావారికీ అదే అనుమానం. పక్క బాత్రూమ్ పైపు ఏదో కారుతోందని ఆ రాత్రంతా టెన్షనే.

పొద్దున్న లేచి చూస్తే గోడ ఎప్పటిలాగే ఉంది. సాయంత్రం ట్యూబ్ వేస్తే మళ్లీ అదే ఇటుక. పెయింటర్‌ని పిలిపించాం. అతను గోడ తట్టాడు, గోటితో గీకాడు, తర్వాత ఏమీ మాట్లాడకుండా ట్యూబ్ ఆపి, "పాత బల్బు ఏదైనా ఉందా అమ్మా?" అన్నాడు. బెడ్‌రూమ్ టేబుల్ ల్యాంపు తెచ్చి ఇచ్చాను. దాన్ని గోడ దగ్గర పెట్టి వెలిగించాడు. ల్యాంపు వెలుతురు పడినంత మేర, గుండ్రంగా, మా నారింజ తిరిగి వచ్చింది. "గోడకి ఏమీ కాలేదు. దీనికి కావాల్సిన వెలుతురు మీ ట్యూబులో లేదు" అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

అప్పటి నుంచి బల్బు పెట్టె మీద అంకెలు చదవకుండా కొనడం మానేశాను. నారింజ గోడ పని ఒక్కటే. తన మీద పడిన వెలుతురులో నారింజ, ఎరుపు వైపు భాగాన్ని వెనక్కి పంపి, నీలం భాగాన్ని మింగేస్తుంది. వెలుతురు రంగుని కెల్విన్లలో చెప్తారు, అంకె తక్కువైతే పసుపు వైపు, ఎక్కువైతే నీలం వైపు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలుతురు 2700 కెల్విన్ దగ్గర ఉంటుంది, అందులో ఎరుపు వైపు భాగం దండిగా ఉంటుంది. మాకు బిగించినవి 6500 కెల్విన్ ట్యూబులు. వాటిలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. గోడ మింగేసేదే ఎక్కువ, తిప్పి పంపేది తక్కువ. ఇంకో అంకె సీఆర్‌ఐ. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది. సాధారణ ఎల్‌ఈడీలకి 80 ప్రాంతంలో ఉంటుంది, 90 దాటినవి కూడా దొరుకుతాయి. మేం 3000 కెల్విన్, 90 పైన సీఆర్‌ఐ ఉన్నవి పెట్టించాం. హాలు హాలులా అయింది. నారింజ వేయించుకునేవాళ్లు పెయింట్ కన్నా ముందు బల్బు ఎంచుకోవాలని నేను గట్టిగా చెప్తాను. నమూనా ముక్క గోడకి పూసి చూసేటప్పుడు కూడా రాత్రి మీ ఇంట్లో వెలిగే దీపం కిందే చూడండి.

మంచి బల్బులు పెట్టినా రోజూ కాసేపు ఈ రంగు నాకు నచ్చదు. మునిమాపు వేళ, దీపాలు వేయకముందు. గోడ గోధుమ రంగులోకి దిగిపోతుంది. గోధుమ రంగంటే నిజానికి వెలుతురు తగ్గిన నారింజే. పైగా వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు వైపు రంగులు ముందు నల్లబడతాయి, నీలం వైపువి ఇంకాసేపు నిలుస్తాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దంలోనే ఇది గమనించి రాశాడు. అందుకని మా ఇంట్లో ల్యాంపు చీకటి పడకముందే వెలుగుతుంది.

ఈ మధ్య బీరువా జరిపాం. దాని వెనకాల మొదటి రోజు వేసిన నారింజ అలాగే ఉంది, నిండుగా, కొట్టొచ్చినట్టు. పక్కనున్న గోడంతా దాని కన్నా బాగా వెలిసింది. కిటికీకి దగ్గరైన భాగం మరీను. ఇన్నాళ్లూ మా కళ్ల ముందే మెల్లమెల్లగా జరగడంతో ఎవరికీ తెలియలేదు. పైన నేను మురిసిపోయిన ఆ మెత్తటి వెలుతురులో కొంత వాటా ఈ వెలిసిపోవడానిదే అనుకుంటున్నాను. మొదట్లో గది ఇంకొంచెం బరువుగా ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది. కొత్తగా వేయించుకున్నవాళ్లకి మొదటి నెలల్లోనే ఇంత హాయిగా ఉంటుందని మాటివ్వలేను.

బీరువా జరిపేటప్పుడు గోడకి గీతలు పడ్డాయి. దాచి ఉంచిన డబ్బాలో అదే రంగు ఉంది కదా అని టచప్ చేయించాం. ఆరాక ప్రతి గీత చోటా ముదురు మచ్చ తేలింది. తెల్ల గోడ ఇలాంటివి దాచేస్తుంది, నారింజ దాచదు. "దీనికి అతుకు కుదరదు, మూల నుంచి మూలకి వేయాల్సిందే" అన్నాడు పెయింటర్. మెరిసే నారింజకి వాడే సేంద్రియ (కార్బన్ ఆధారిత) పిగ్మెంట్లలో, అంటే రంగునిచ్చే పొడుల్లో, కొన్ని ఎండకి తొందరగా వెలుస్తాయట. పసుపు, ఎరుపు ఐరన్ ఆక్సైడ్లు కలిపిన మట్టి నారింజ అంత మెరవదు గానీ ఎండకి బాగా తట్టుకుంటుంది.

ఇంకో ఇబ్బంది మా అమ్మాయిది. హాల్లో చూసుకుని వేసుకున్న డ్రెస్ రంగు బయటికి వెళ్తే వేరేగా ఉంటుందని, ఇప్పుడు అన్నీ బాల్కనీలో చూసుకుంటోంది. వీడియో కాల్‌లో కెమెరా కూడా తికమక పడుతుంది, ముఖం ఒకసారి నారింజగా, ఒకసారి నీలంగా వస్తుంది. బొమ్మలు వేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, అద్దం ముందు తయారయ్యేవాళ్లు ఆ పని చేసే గదిలో మాత్రం ఇది వేయించుకోవద్దు. ఈ రంగు గదిని వెచ్చగా చేస్తుందని కొందరంటారు. చూడటానికి వెచ్చగా ఉంటుంది, అంతే. ఫ్యాన్ వేసుకునే రోజుల్లో వేసుకోవాల్సిందే.

మాకు ఇది ఇంతగా కుదరడానికి కారణాలు మావే. పగలు ఇంట్లో ఉండేది తక్కువ, హాల్లో కూర్చునేది దీపాలు వేశాకే. నేల లేత రంగు. ఒక్క కిటికీ నుంచి తప్ప నేరుగా ఎండ రాదు. బల్బులు మార్చుకునే వీలుంది. అద్దె ఇల్లయి, సీలింగ్‌లో బిగించిన తెల్ల దీపాలు మార్చే వీలు లేకపోతే నేను కూడా రెండుసార్లు ఆలోచించేదాన్ని. రోజంతా అదే గదిలో కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లకి ఎలా ఉంటుందో వాళ్లే ఒక గోడకి వేయించి చూసుకోవాలి.

మేం మాత్రం మళ్లీ నారింజే వేయిస్తాం. కిటికీ ఎండ పడే గోడకి మట్టి నారింజ, రెండోదానికి ఇప్పటి షేడే అని నా ఆలోచన. ఎదురెదురు గోడలు రెండు రంగుల్లో ఉంటే బాగోదని మావారు అంటున్నారు. పెయింటర్ రెండు చెక్కల మీద రెండు షేడ్లూ పూసి ఇస్తానన్నాడు. వాటిని గోడకి ఆనించి, దీపం వేసి చూశాకే తేలుస్తాం.