మా పల్లెల అమ్మకాల వాట్సాప్ గ్రూపు: ఐదేళ్లు వాడి రాస్తున్నాను

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా చేలో టమోటా కోతకొచ్చి ఉంది. కర్నూలు జిల్లా పత్తికొండ మార్కెట్‌కు తోలదామంటే బండ్లవాళ్లు రామన్నారు. వారం సంతలు మూతపడ్డాయి. అప్పుడు ఎదురింటి తమ్ముడు ఒక వాట్సాప్ గ్రూపు తెరిచి, చుట్టూ నాలుగైదు ఊళ్లలో తనకు తెలిసిన నంబర్లన్నీ ఎక్కించాడు. మా గంపల ఫోటో తీసి "టమోటా గంప నూరు రూపాయలు, ఇంటికే తెచ్చిస్తాం" అని పెట్టాడు. మూడు రోజుల్లో పద్దెనిమిది గంపలు పోయాయి. పంట మొత్తానికి అదెంత? అయినా చెట్టు మీదే కుళ్లుతున్న కాయను చూస్తూ కూర్చున్న మాకు ఆ డబ్బుతోనే నెల సరుకులొచ్చాయి.

ఆ గ్రూపు ఇప్పటికీ నడుస్తోంది. పత్తికొండ, తుగ్గలి, మద్దికెర మండలాల పల్లెల వాళ్లు ఇందులో ఉన్నారు. మొదట్లో గ్రూపుకు 256 మందే పట్టేవారు. ఎవరైనా బయటికి పోతే మేం చేరతామని కాచుకుని ఉండేవాళ్లు కొందరు. 2022లో వాట్సాప్ ఆ లెక్కను ముందు 512కు, తర్వాత 1024కు పెంచడంతో ఆ ఇబ్బంది తీరింది. ఇప్పుడు 900 దాటాం. నేను మొదటి రోజు నుంచీ ఉన్నాను. ఇందులో అమ్మాను, కొన్నాను, మోసపోయాను. మీ ఊళ్లో ఇలాంటిది పెట్టుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకు ముందు దండోరా వేయిస్తే ఊరు దాటేది కాదు. సంతకు తోలుకుపోతే దళారి చేతిలో పడాలి, తువ్వాలు కింద దళారీ, కొనేవాడూ వేళ్లు పట్టుకుని ఏం మాట్లాడుకున్నారో అమ్మేవాడికి తెలియదు. పేపరు జిల్లా పేజీల్లో క్లాసిఫైడ్స్ ఉంటాయి గానీ ఒక గడ్డివామి అమ్ముకోవడానికి ఎవరు పేపర్లో వేస్తారు? కాకపోతే పేపరు పని పేపరుదే. పొలం కొనేటప్పుడు "ఎవరికైనా అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లోగా తెలపగలరు" అని లాయరు వేయించే ప్రకటన గ్రూపులో పెడితే సరిపోదు. మేం రెండెకరాలు తీసుకున్నప్పుడు పేపర్లోనే వేయించాం. అదే మా ఇంటాయన పాస్‌బుక్ బస్సులో మరిచిపోయినప్పుడు గ్రూపులో పెడితే, సాయంత్రానికల్లా మద్దికెర నుంచి ఫోన్ వచ్చింది. సీటు కింద దొరికిందని దాచిపెట్టిన ఆ పెద్దాయన టీ డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇక ఎనుము (గేదె) సంగతి. 2021లో ఒక ముర్రా జాతి ఎనుము ఫోటో వచ్చింది. రెండో ఈత (కాన్పు), పూటకు ఐదు లీటర్లు అని రాశారు. ఫోటోలో పొదుగు నిండుగా ఉంది, దూడ పక్కనే ఉంది. ఎవరో ఎగరేసుకుపోతారన్న తొందరలో ఫోన్‌లోనే ఐదు వేలు బయానా కొట్టేశాం. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి చూశాం. మా అత్త పొదుగు మీద చెయ్యి పెట్టి నొక్కి, నా చెవిలో "అమ్మీ, ఇది పొద్దున పిండని పొదుగు, రాయి మాదిరి ఉంది" అంది. చనులు బిగుసుకుని నాలుగు దిక్కులకు నిలబడి ఉన్నాయి. ఎనుము వెనక కాళ్లు మార్చి మార్చి వేస్తూ నిలబడలేకపోతోంది. అత్త నలభై ఏళ్లుగా పాలు పిండిన మనిషి. ఆ మాట అప్పుడే వినాల్సింది. బయానా పోతుందని, బండి కిరాయి దండగవుతుందని 62 వేలు ఇచ్చి తోలుకొచ్చాం. ఆ సాయంత్రం నిజంగానే ఐదు లీటర్లు ఇచ్చింది. మర్నాటి నుంచి రెండున్నరే. పాలు పిండకుండా ఆపి పొదుగు నింపి చూపించడం సంతల్లో పాత విద్యే. సంతలో అయితే పక్కన పదిమంది ఉంటారు, ఎవరో ఒకరు దగ్గి హెచ్చరిస్తారు. ఫోన్‌లో ఆ దగ్గు వినపడదు.

అమ్మినాయన్ను అడిగితే "మీరు చూసుకునే కదా తోలుకుపోయింది" అన్నాడు. నేను ఆ నెలంతా గ్రూపులోంచి బయటికి పోదామనే అనుకున్నాను. పోనివ్వకుండా ఆపింది ఇంకొక మెసేజ్. అది నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ముర్రా క్రాస్ ఎనుము. మూడో ఈత. ఈని ఇరవై రోజులు. ఆడదూడ. పూటకు నాలుగు లీటర్లు. వెనక ఎడమ చనులో పాలు సగమే వస్తాయి. రెండు పూటలు మీరే పిండుకుని చూసి తోలుకుపోండి."

చను బాగాలేదని ముందే చెప్పి అమ్మకానికి పెట్టడం నేను అప్పటి వరకు చూడలేదు. మర్నాడు మాపటికల్లా ఎనుము పోయింది. అడిగిన ధరకు రెండు వేలు మాత్రం తగ్గిందట. ఆ తర్వాత అడ్మిన్లతో కూర్చుని పశువులకు ఒక పద్ధతి రాసుకున్నాం. ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులు, చూడి అయితే ఎన్నో నెల, పూటకు ఎన్ని లీటర్లు, లోపం ఏమిటి, ధర ఎంత. ఇవి లేకపోతే మెసేజ్ తీసేస్తాం. ఎద్దులకైతే ఎన్ని పళ్లు వేసిందో, సుళ్లు (వెంట్రుకల తిరుగుళ్లు) ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోతో సహా పెట్టాలి. సుడి మంచిదో కాదో చూడకుండా మా వైపు ఎవరూ ఎద్దు కొనరు. దాన్ని నమ్మని వాళ్లు కూడా రేపు అమ్ముకోవాలంటే కొనేవాడు అడుగుతాడని చూస్తారు. రెండు పూటలు పాలు చూడనిదే బయానా కూడా ఇవ్వొద్దని నేను అందరికీ చెబుతాను.

"రేటు ఫోన్‌లో మాట్లాడదాం" అని రాసేవాళ్ల మెసేజ్‌లు నాకు అస్సలు నచ్చవు. ధర రాస్తేనే కొనేవాడు తన చేతిలో ఉన్నదాన్ని చూసుకుని ఫోన్ చేస్తాడు. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటినప్పుడు నారు అమ్మేవాళ్లంతా ఇలాగే ధర దాచి, అడిగిన మనిషిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో రేటు చెప్పారు.

వెతకడం ఈ గ్రూపులో పెద్ద తలనొప్పి. ఒకే పశువును ఒకరు ఎనుము అంటారు, ఒకరు బర్రె అంటారు, టీవీ చూసే పిల్లలు గేదె అంటారు, సగం మంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. వెతుకులాటలో ఒక మాట కొడితే మిగిలినవి దొరకవు. అమ్ముడైపోయిన సరుకు మెసేజ్ అలాగే ఉండిపోతుంది. రెండున్నర రోజులు దాటితే పెట్టినవాళ్లు కూడా దాన్ని అందరి ఫోన్లలోంచి తీయలేరు. అందుకే ఆ మెసేజ్‌కే రిప్లైగా "అయిపోయింది" అని పెట్టమంటాం. సగం మందే పెడతారు. నెల కిందటి డ్రిప్ పైపుల కోసం ఇంకా ఫోన్లు వస్తున్నాయని మా చిన్నాయన ఈ మధ్యే విసుక్కున్నాడు.

కూలి పనుల మెసేజ్‌ల గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మా వైపు బతుకు సగం దాని మీదే ఉంది. వానలు తప్పిన ఏడాది ఊళ్లకు ఊళ్లు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకోతకు సుగ్గికి (వలస పనికి) పోతాయి. మునుపు మేస్త్రీ నోటిమాటతోనే అంతా నడిచేది. కిలోకు ఎంత ఇస్తారో అక్కడికి పోయాక గానీ తెలిసేది కాదు. ఇప్పుడు "ఇరవై మంది కావాలి, కిలోకు ఇంత, గుడిసెకు పట్ట, నీళ్లు, వంట కట్టెలు మావే, పోను రాను బండి మాదే" అని రాసి పెడితేనే మా వాళ్లు కదులుతున్నారు. రెండేళ్ల కిందట ఒక చోట లెక్క తేల్చేటప్పుడు రేటు తగ్గించబోతే, మా వీధి అక్క ఫోన్ తీసి పాత మెసేజ్ చూపించింది. అనుకున్న ప్రకారమే ఇచ్చారు. ఆ అక్కకు చదువు రాదు. మెసేజ్‌లో అంకె ఎక్కడుందో కొడుకుతో చూపించుకుని, పోయే ముందే దానికి చుక్క గుర్తు పెట్టించుకుంది. పిల్లల్ని వెంట తీసుకుపోకుండా వదిలిపోవడానికి సీజనల్ హాస్టళ్లలో పేర్లు రాసుకుంటున్నప్పుడు ఆ కబురు కూడా మాకు ఇక్కడే ముందు తెలుస్తుంది. నా దృష్టిలో ఈ గ్రూపు చేసిన పెద్ద మేలు ఈ రెండూనే.

ఆడవాళ్లకు ఇక్కడ ఉన్న కష్టం వేరు. నేను బ్లౌజులు కుడతాను. 2022లో "ఫాల్స్, పీకో, లైనింగ్ బ్లౌజులు కుట్టబడును" అని నా నంబరుతో పెట్టాను. వారంలో పని బాగా వచ్చింది. దాంతో పాటే రాత్రి పదకొండుకు ఫోన్లూ మొదలయ్యాయి. "కొలతలు తీసుకోవడానికి ఇంటికి రావాలా" అని నవ్వుతూ అడిగినవాళ్లు ఉన్నారు. గ్రూపులో ఎవరి నంబరైనా 900 మందికీ కనపడుతుంది. ఆ సంగతి చేరేటప్పుడు ఎవరూ మనకు చెప్పరు. మా ఇంటాయన నంబరు పెట్టేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు, పని నాది కాబట్టి. ఆ ఫోన్ల రికార్డింగులు అడ్మిన్లకు వినిపించాను. ఇద్దరిని తీసేశారు. అప్పటి నుంచి నన్నూ, అంగన్వాడీ టీచరమ్మనూ అడ్మిన్లుగా పెట్టారు. ఇప్పుడు ఆడవాళ్లు తమ నంబరు ఇవ్వకుండా మా ఇద్దరిలో ఎవరి ద్వారానైనా ప్రకటన పెట్టుకోవచ్చు. అప్పడాలు, జొన్నరొట్టెలు, మిషను ఎంబ్రాయిడరీ ఇలా వచ్చినవే. మీ గ్రూపులో ఆడ అడ్మిన్ లేకపోతే ముందు ఆ పని చూడండి.

డబ్బు విషయంలో ఒక్కటే మాట. పాత స్కూటీ అమ్మకానికి పెట్టిన మా పెద్దమ్మ కొడుక్కి "మీకు డబ్బు పంపిస్తున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్ వచ్చింది. కొట్టాడు, ఖాతాలోంచి తొమ్మిది వేలు పోయాయి. డబ్బు మన దగ్గరికి రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన దగ్గర్నుంచి పోతుందనే అర్థం. పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. మావాడు సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, అవి తిరిగి రాలేదు.

గుడ్ మార్నింగ్ బొమ్మలు, పార్టీల గొడవలు ఎక్కడైనా ఉండేవే. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చాక తిట్లు ఎక్కువై, జూన్ 4న లెక్కింపు అయ్యేదాకా అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టేశాం. అది సరిగ్గా ఎండాకాలం, పశువులకు మేత దొరకని కాలం. మేత కట్టె ఉన్నవాళ్లకు, కావాల్సిన వాళ్లకు మధ్య మేమే కబుర్లు మోసి మోసి అలిసిపోయాం. ఇంకోసారి అలా పూర్తిగా మూయకూడదని నా అభిప్రాయం. గొడవ పెట్టుకున్న మనిషిని నెల రోజులు బయట పెడితే చాలు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉంటాం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వెతుకులాట మొదలవుతుంది. ఫలానా చేలో రాయి దొరికిందట అని ఒక్క మెసేజ్ వస్తే, పొద్దునకు విత్తనం పడిన చేను జనంతో నిండిపోతుంది. అవి మా గ్రూపులో పెట్టనివ్వం.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది. ఆమెది బటన్ల ఫోన్. నాటుకోళ్లు పెంచుతుంది. అమ్మాల్సినప్పుడు కోడిని చంకలో పెట్టుకుని నా మిషను దగ్గరికొచ్చి "అమ్మీ, దీని బొమ్మ తియ్యి" అంటుంది. ఒకసారి నేను రెండు కిలోలు అని రాయబోతే, కోడి రెండు కాళ్లూ కలిపి పట్టుకుని పైకెత్తి చూసి, "రెండు లేదు. కిలోన్నర పైన అని రాయి" అంది. ఇలాంటి వాళ్లు ఊరికి పదిమందైనా ఉంటారు. గ్రూపు వాళ్ల దాకా రాదు, మనమే వాళ్ల కోసం రాయాలి. చదువు రాని వాళ్లు మాట రికార్డు చేసి పంపితే, కింద దాన్ని రెండు ముక్కల్లో రాసిపెట్టే పని నేను, టీచరమ్మ వంతులేసుకున్నాం.

2021లో తెచ్చిన ఆ ఎనుమును ఇప్పుడు మేం అమ్మేస్తున్నాం. మేత ఖర్చు తట్టుకోలేకపోతున్నాం. మూడు లీటర్లని రాయమని మా ఇంటాయన, మనకు చెప్పినవాళ్లు ఐదు చెప్పారు కదా అని మరిది. రాత్రి చాలాసేపు ఇంట్లో ఇదే మాట. అత్త మాత్రం ఏమీ అనకుండా నా చేతిలో ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. పొద్దున పెట్టాను.

"ఎనుము. నాలుగు ఈతలు అయ్యాయి. ఐదు నెలల చూడి. పోయిన ఈతలో పూటకు రెండున్నర లీటర్లు, అంతకు మించి ఎప్పుడూ ఇవ్వలేదు. కొత్త మనిషిని వారం రోజులు దగ్గరికి రానివ్వదు, తర్వాత సాధువు. జబ్బులేమీ లేవు. ధర 45 వేలు, కొంచెం తగ్గిస్తాం. ఇంటికొచ్చి చూసుకోండి, ఆదివారం వరకు ఎవరి దగ్గరా బయానా తీసుకోం."