స్పీడ్ పోస్టు అందలేదు: పోస్టాఫీసుకు వెళ్లాలా, ఫోన్ చేయాలా, పోర్టల్లో పెట్టాలా?

స్పీడ్ పోస్టు రాకపోతే చాలామంది చేసే మొదటి పని కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టేయడం. అది పనికొచ్చే మార్గమే గానీ మొదటి రోజు పట్టాల్సింది కాదు. ఎటు వెళ్లాలో చెప్పేది ట్రాకింగ్‌లో కనిపించే ఆఖరి లైను.

ముందు రసీదు మీది ఆర్టికల్ నంబరు సరిచూసుకోండి. మొదట రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐఎన్, మొత్తం 13. తొమ్మిదో అంకె చెక్ డిజిట్, ముందున్న ఎనిమిదింటిని బట్టి లెక్కకట్టేది. అంటే మిగతా ఎనిమిదింటిలో ఒకటి తప్పు కొట్టినా మామూలుగా లెక్క కుదరదు, వివరాలు రావు. దానికే ఉత్తరం పోయిందని కంగారు పడేవాళ్లున్నారు.

డెలివరీ పోస్టాఫీసు

ఆఖరి లైనులో మీ డెలివరీ ఆఫీసు పేరు వచ్చేసి, పక్కన ‘డోర్ లాక్డ్’ అనో ‘ఇన్‌సఫిషియెంట్ అడ్రస్’ అనో ఉంటే ఇక ఫోన్లూ పోర్టళ్లూ వద్దు, నేరుగా అక్కడికే వెళ్లండి. ఇవ్వలేకపోయిన ఉత్తరాన్ని మామూలుగా ఏడు రోజులే ఉంచి, పంపినవాళ్లకు తిప్పేస్తారు. పైనుంచి ఫిర్యాదు దిగివచ్చేసరికి కవరు తిరుగుదారి పట్టి ఉంటుంది.

పోస్ట్‌మ్యాన్లు బీటుకు (తమ వీధుల్లో పంపిణీకి) బయల్దేరకముందే, పొద్దున్నే వెళితే మేలు. మీ బీటు మనిషి ఎదురుగానే ఉంటాడు, మాట అక్కడికక్కడే తేలుతుంది. గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. స్టాంపులమ్మే కౌంటర్లో కాకుండా పోస్ట్‌మాస్టర్‌ను అడగండి. పట్నాల్లో ఇంటి పక్క పోస్టాఫీసుకు డెలివరీ పని లేకపోవచ్చు, మీ పిన్ కోడ్‌కు డెలివరీ ఎక్కడినుంచో చూసుకుని కదలండి.

ఈ దారిలో లోపం ఒక్కటే, నోటిమాటకు రుజువుండదు. కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి.

టోల్‌ఫ్రీ, వెబ్‌సైటు

సరుకు దారిలో ఏదో సార్టింగ్ హబ్ (ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసే చోటు) దగ్గర రోజుల తరబడి ఆగిపోతే మీ పోస్ట్‌మాస్టర్ చేయగలిగింది తక్కువ. అప్పుడు 1800 266 6868కి చేయండి, లేదా ఇండియా పోస్ట్ సైటులో ఫిర్యాదు నమోదు చేయండి. ఏ సేవకు ఎంత, ఏది పంపకూడదు లాంటి ప్రశ్నలకైతే ఫోనే హాయి. ఫిర్యాదుకు మాత్రం నాకు సైటే నయమనిపిస్తుంది, రాసింది రాసినట్టు ఉంటుంది. రెండింటికీ ఉన్న జబ్బు, ట్రాకింగ్‌లో మీరు చూసిందే మళ్లీ చదివి ఫిర్యాదు ముగించేయడం. అలా ముగించినా ఆ నంబరు దాచుకోండి, తర్వాతి మెట్టుకు అదే ఆధారం.

సీపీగ్రామ్స్

మొదట చెప్పిన పోర్టల్ ఇది. తపాలా శాఖను ఎంచుకుంటే ఫిర్యాదు సర్కిల్ (రాష్ట్ర స్థాయి తపాలా కార్యాలయం) మీదుగా డివిజన్‌కు దిగుతుంది, లిఖితంగా జవాబివ్వక తప్పదు. 2024 నుంచి గడువు 21 రోజులు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, పై రెండు దారుల్లో లేని సౌకర్యం ఇదే.

ఇక్కడ ఓడిపోయేది రాతలోనే. ‘మీ సేవ అధ్వానం, చర్య తీసుకోండి’ అని రాస్తే ‘సిబ్బందికి తగు సూచనలిచ్చాం’ అన్న జవాబొస్తుంది, ఫైలు మూతపడుతుంది. ఇలా రాయండి: ‘ఫలానా నంబరు, మే 6న బుకింగ్. మే 9న డెలివర్డ్ అని చూపిస్తోంది. అందలేదు. ఎవరికిచ్చారో, సంతకమున్న డెలివరీ రికార్డు కాపీ ఇవ్వగలరు.’ ఒక ఫిర్యాదు, ఒక్క కోరిక. అప్పటికీ కాపీ రాకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి, దానికి 30 రోజుల గడువు.

పరిహారమే కావాలంటే పంపినవాళ్ల చేత ఫిర్యాదు చేయించండి, రసీదు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇన్సూర్ చేయని కవరుకు వచ్చేది కట్టిన చార్జీని బట్టే, లోపలి వస్తువు విలువను బట్టి కాదు.

ఆపైన

ఆరు వారాలైనా తేలని ఫిర్యాదులను మూడు నెలలకోసారి తపాలా శాఖే జరిపే ఫిర్యాదుల విచారణ, డాక్ అదాలత్‌కు తీసుకుంటారు. కవరు మీద ‘డాక్ అదాలత్’ అని రాసి, పాత ఫిర్యాదు నంబర్లు జతచేయండి. అధికారి ఎదుట కూర్చుని మాట్లాడే అవకాశం దొరుకుతుంది, కానీ తేదీ కోసం ఎదురుచూడాలి.

వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. ఇలాంటి చిన్న చార్జీ కేసుకు ఫీజు లేదు. అయితే 2023 నాటి పోస్టాఫీసు చట్టం పదో సెక్షన్, నిబంధనల్లో చెప్పినంత మేరకే శాఖకు బాధ్యత అంటోంది. సిబ్బంది మోసం, కావాలని చేసిన తప్పు చూపించగలిగితేనే కేసుకు బలం. ఆలస్యమైందన్న ఒక్క మాటతో వెళ్లడం నా దృష్టిలో దండగ.

పొదుపు ఖాతా గొడవ వేరు. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాకు, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ వర్తించదు. పోస్ట్‌మాస్టర్, ఆపైన డివిజన్ సూపరింటెండెంట్, సీపీగ్రామ్స్, అంతే. అదే కౌంటర్లో తెరిచిన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా అయితే ముందు ఆ బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. పాస్‌బుక్కు మీద ఏ పేరుందో చూసుకున్నాకే ఫిర్యాదు మొదలుపెట్టండి.