జీన్ క్లార్క్‌ని కొత్తగా వినేవాళ్ళకి ఏది మేలు: 'వైట్ లైట్' ముందా, 'నో అదర్' ముందా?

జీన్ క్లార్క్ పాటలు వినాలనుకునేవాళ్ళకి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలని. ఆయన అభిమానుల్లో ఎక్కువమంది తడుముకోకుండా 1974 నాటి 'నో అదర్' పేరే చెప్తారు. నా ఓటు మాత్రం అంతకు మూడేళ్ళ ముందు వచ్చిన 'వైట్ లైట్'కే. రెండూ గొప్పవే, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఈ మనిషి గొంతుతో, మాటతో పరిచయం కావాలంటే దారి 'వైట్ లైట్' మీదుగానే వెళ్ళాలని గట్టిగా నమ్ముతాను.

ముందు ఆయనెవరో రెండు ముక్కల్లో చెప్తాను. 1944లో అమెరికాలోని మిజూరీ రాష్ట్రం, టిప్టన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పదముగ్గురు పిల్లలున్న ఇల్లు. న్యూ క్రిస్టీ మిన్‌స్ట్రెల్స్ అనే జానపద బృందంలో కొన్నాళ్ళు పాడి, బీటిల్స్ పాటలు చెవిన పడగానే అది వదిలేసి లాస్ ఏంజెలెస్‌లో తేలాడు. అక్కడ రోజర్ మెగ్విన్, డేవిడ్ క్రాస్బీలతో కలిసి మొదలుపెట్టిన బృందమే 'ద బర్డ్స్'. 1965లో బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్'ని వాళ్ళు పాడితే అది అమెరికాలో నంబర్ వన్ అయింది. జానపద బాణీకి రాక్ వాయిద్యాలు జోడించే ఫోక్-రాక్ అనే మాట జనం నోళ్ళలో నానడం కూడా అప్పుడే మొదలైంది. ఆ తొలిరోజుల్లో బృందం సొంత పాటల్లో ఎక్కువభాగం క్లార్క్ రాసినవే. 'ఎయిట్ మైల్స్ హై'లోనూ ఆయన చెయ్యి ఉంది. టూర్‌లో రవిశంకర్ సితార్, జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ ఉన్న టేపుల్ని మళ్ళీ మళ్ళీ వింటూ తిరిగిన రోజుల ప్రభావం ఆ పాట నిండా వినిపిస్తుంది. 1966లోనే ఆయన బృందం నుంచి బయటికొచ్చేశాడు. విమానం ఎక్కాలంటే భయం, పైగా ఆ పేరుప్రఖ్యాతుల ఒత్తిడి. తర్వాత పాతికేళ్ళు ఎంత మంచి పాట రాసినా అమెరికాలో పెద్దగా కొన్నవాళ్ళు లేరు. 1991 మే 24న, 46 ఏళ్ళకే వెళ్ళిపోయాడు.

ఇక పోటీలోకి వద్దాం.

'నో అదర్'కి పాటలతో పాటు ఒక కథ కూడా ఉంది. కాలిఫోర్నియా ఉత్తర తీరంలో, మెండొసీనో దగ్గర పసిఫిక్ సముద్రాన్ని చూస్తూ రాసుకున్న పాటలు. అసైలమ్ కంపెనీ డబ్బుతో, థామస్ జెఫర్సన్ కే నిర్మాతగా, లక్ష డాలర్లకు పైగా ఖర్చుపెట్టి తీశారు. అంతా అయ్యాక చేతికొచ్చినవి ఎనిమిదే పాటలు. కంపెనీ అధిపతి డేవిడ్ గెఫెన్‌కి అది మింగుడుపడలేదు. ప్రచారం సరిగ్గా జరగలేదు. అమెరికా ఆల్బమ్‌ల ఆదరణని లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 144వ స్థానం దాటి పైకి రాలేదు, రెండేళ్ళు తిరిగేసరికి అమ్మకం నుంచే తీసేశారు. ఆ తర్వాత కథ మలుపు తిరిగింది. 1986లో దిస్ మోర్టల్ కాయిల్ అనే బ్రిటిష్ బృందం ఇందులోని 'స్ట్రెంగ్త్ ఆఫ్ స్ట్రింగ్స్' పాడింది. 2014లో బీచ్ హౌస్ అనే అమెరికన్ బృందం వాళ్ళు తోటి సంగీతకారుల్ని కూడగట్టి మొత్తం ఆల్బమ్‌ని వేదికల మీద వాయించారు. 2019లో 4ఏడీ కంపెనీ దాన్ని ఘనంగా మళ్ళీ విడుదల చేసింది. టిప్టన్‌లో ఆయన సమాధి రాయి మీద చెక్కిన మాట కూడా 'నో అదర్' అనే.

ఇంత అన్యాయం జరిగి ఇంత ఆలస్యంగా న్యాయం దక్కిన ఆల్బమ్ మీద ఎవరికైనా మనసు పోతుంది. నాకూ పోయింది. అయితే ఆ కథ తెలిసి వినడం వేరు, పాటని పాటగా వినడం వేరు. 'వైట్ లైట్'కి అలాంటి నాటకీయమైన కథ లేదు. ఏ అండ్ ఎం కంపెనీ 1971లో చడీచప్పుడు లేకుండా విడుదల చేసింది, అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు, నెదర్లాండ్స్‌లో మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. మళ్ళీ వెలుగులోకి తెచ్చిన పెద్ద పండగ ఏదీ దానికి జరగలేదు. అందుకే అభిమానుల్లో కూడా అది రెండో మాటగానే వస్తుంది.

వినండి, తేడా తెలుస్తుంది. 'వైట్ లైట్'కి నిర్మాత జెస్సీ ఎడ్ డేవిస్. స్వయంగా గొప్ప గిటారిస్టు అయ్యుండి, ఎక్కడ వాయించకూడదో తెలిసినవాడు. తొమ్మిది పాటల్లో చాలావాటికి ఆధారం క్లార్క్ అకౌస్టిక్ గిటార్, మౌతార్గాన్, గొంతు. బేస్, డ్రమ్స్, ఆర్గాన్ వెనక ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. 'ఫర్ ఎ స్పానిష్ గిటార్' తీసుకోండి. దాదాపు అయిదు నిమిషాల పాట. వాక్యాలు పొడుగ్గా, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నడుస్తున్నట్టు సాగుతాయి. పిల్లల నవ్వులు, ఇంకా చెదరని ఊహలు, బతుకు బరువు అన్నీ వరసగా వచ్చి, ప్రతి చరణం చివర ఆ స్పానిష్ గిటార్ దగ్గరే వాలతాయి. వాక్యం ముగిసేచోట ఆయన గొంతు సన్నగా వణుకుతుంది చూడండి, ఆ వణుకే జీన్ క్లార్క్. ఆ పాటలో దానికి అడ్డు వచ్చే వాయిద్యం ఒక్కటీ లేదు. 'విత్ టుమారో' అయితే మరీ చిన్న పాట, డేవిస్‌తో కలిసి రాసింది. విడిపోయిన బాధ అంతా ఉంటుంది, ఏడుపు మాత్రం ఉండదు. అరువు పాట ఒక్కటే ఉంది, డిలన్, రిచర్డ్ మాన్యుయెల్ రాసిన 'టియర్స్ ఆఫ్ రేజ్'. బాగానే పాడాడు కానీ, ఆల్బమ్‌కి అది అవసరం లేదు.

'నో అదర్'లో ఇదే గొంతు చుట్టూ కోరస్ గాయనిలు, పియానోలు, పొరలుపొరలుగా గిటార్లు, పెర్కషన్. చర్చి గానంలా ఎగసే చోట్లు కొన్ని, ఫంక్ లయ మీద ఊగే టైటిల్ పాట ఒకటి. మన చెవులకి సినిమా పాటల నిండు వాద్యబృందం అలవాటు కాబట్టి, తెలుగు శ్రోతకి ఇదే తొందరగా ఎక్కొచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. లలిత సంగీతం ఇష్టపడేవాళ్ళు మాత్రం 'వైట్ లైట్' దగ్గరే ఆగిపోతారనుకుంటాను.

ఒక విషయంలో 'నో అదర్'ది తిరుగులేని పైచేయి. ఆ విస్తృతి. 'స్ట్రెంగ్త్ ఆఫ్ స్ట్రింగ్స్'లో మాటలు లేని ఆలాపన మెల్లగా పైకి లేస్తుంటే, సంగీతం గురించి రాసిన ఆ పాటకి అంత పెద్ద ప్రాంగణం కావాల్సిందే అనిపిస్తుంది. ఎనిమిది నిమిషాల 'సమ్ మిస్‌అండర్‌స్టాండింగ్' కూడా అంతే. ఈ రెండూ ఒంటరి గిటార్‌తో అంత ఎత్తుకి వెళ్ళవు. మిగతా పాటల్లో కొన్నిచోట్ల మాత్రం ఆర్భాటం గొంతుని మింగేస్తుందనే నా ఫిర్యాదు.

దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. 2003 నాటి 'నో అదర్' సీడీలో అదనంగా, హంగులు తగ్గించిన ప్రత్యామ్నాయ రికార్డింగులు చేర్చారు. వాటిని అసలు పాటల పక్కన పెట్టి వింటే, పాట ఎముక ఎంత గట్టిదో తెలుస్తుంది. అటు 'వైట్ లైట్'కి సంబంధించిన డెమోలు, అంటే ఆల్బమ్‌కి ముందు నమూనాగా చేసుకున్న రికార్డింగులు, 'హియర్ టునైట్' పేరుతో 2013లో వచ్చాయి. వాటికీ విడుదలైన ఆల్బమ్‌కీ దూరం చాలా తక్కువ. గదిలో కూర్చుని పాడుకున్న మనిషే స్టూడియోలోనూ కనిపిస్తాడు. 'వైట్ లైట్' నాకు ఎక్కువ ఇష్టం కావడానికి అసలు కారణం ఇదే.

మూడో దారి కూడా ఉంది. బాంజో, కంట్రీ వాసన ఇష్టమైతే 1968లో డగ్ డిలార్డ్‌తో కలిసి చేసిన ఆల్బమ్ వినండి. అందులోని 'ట్రెయిన్ లీవ్స్ హియర్ దిస్ మార్నింగ్'ని తర్వాత ఈగల్స్ తమ మొదటి ఆల్బమ్‌లో పాడారు. రాబర్ట్ ప్లాంట్, ఆలిసన్ క్రౌస్ కలిసి చేసిన 'రైజింగ్ సాండ్'లోనూ క్లార్క్ పాటలు రెండున్నాయి. బర్డ్స్ నుంచి వచ్చాక 1967లో గాస్డిన్ సోదరులతో చేసిన తొలి ఆల్బమ్ సరదాగా ఉంటుంది, తొందరేం లేదు.

కాబట్టి నేను చెప్పే వరస ఇది: ముందు 'వైట్ లైట్' పూర్తిగా, ఒకటికి నాలుగుసార్లు. ఆ తర్వాత 'నో అదర్', మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. లేదు, మాకు 'నో అదర్' ముందు కావాలంటారా, మొదటి పాటతో అంచనాకి రాకండి. రెండో పాట 'సిల్వర్ రేవెన్'తో మొదలుపెట్టండి. అకౌస్టిక్ గిటార్ ముందుండి నడిపించే పాట కాబట్టి, 'వైట్ లైట్' నాటి జీన్ క్లార్క్ అందులో తేలిగ్గా దొరుకుతాడు.